జేన్ ఫోండా 1982 వర్కౌట్ టేపు: ఇప్పుడు చేస్తే ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?

మిట్టమధ్యాహ్నం:
జేన్ ఫోండా మొదటి వర్కౌట్ వీడియో డిజిటల్‌గా మళ్లీ దొరుకుతోంది. అందులో ఉన్నదున్నట్టు చేసేయొచ్చా? ఏవి మానాలి? ఇంకో సందేహం: అప్పటికే రెండు ఆస్కార్లున్న నటి ఇటువైపు ఎందుకు వచ్చినట్టు? డబ్బు కోసమేనా?

పాత_క్యాసెట్:
రెండోదానికి ముందు జవాబు. 'చైనా సిండ్రోమ్' షూటింగులో పాదం ఎముక విరిగింది. అప్పటిదాకా ఆమె చేసే వ్యాయామం బ్యాలే నృత్యం. అది కుదరక లెనీ కాజ్డెన్ అనే శిక్షకురాలి క్లాసులో చేరింది. 1979లో బెవర్లీ హిల్స్‌లో స్టూడియో, 1981లో పుస్తకం, 1982లో వీడియో. డబ్బు కోసమే, కానీ సొంతానికి కాదు. భర్త టామ్ హేడెన్‌తో కలిసి నడిపిన 'క్యాంపెయిన్ ఫర్ ఎకనామిక్ డెమోక్రసీ' అనే రాజకీయ సంస్థకు నిధులు కావాలి, అందుకు.

టేపు ధర 59.95 డాలర్లు. సినిమా క్యాసెట్ అద్దెకు తెచ్చి, చూసి, ఇచ్చేసే రోజులవి. వ్యాయామం టేపు రోజూ కావాలి కాబట్టి కొనక తప్పదు. వీసీఆర్ (క్యాసెట్లు ఆడించే యంత్రం) కొనడానికి కూడా చాలామందికి అదే సాకైంది. ఆ వరుసలో వచ్చిన టేపులన్నీ కలిపి 1 కోటి 70 లక్షలు అమ్ముడైనట్టు లెక్క.

తప్పులెన్నువాడు:
చిన్న సవరణ. ఆ వ్యాయామ క్రమాన్ని ఫోండా కనిపెట్టిందని రాస్తుంటారు. పునాది కాజ్డెన్‌ది. కెరీర్ మార్పు అనడం కూడా పూర్తిగా సరికాదు. 1980లంతా సినిమాలూ టేపులూ జంటగా నడిచాయి. నటన మానేసింది 1990ల మొదట్లో, మళ్లీ తెరమీదికి వచ్చింది 2005లో.

తుంటికీలు:
ఇక అసలు విషయం. ముందు మానాల్సింది ఊగుతూ సాగదీయడం. నిలబడి వంగి, వేళ్లతో నేలను తాకడానికి టకటకా ఊపులివ్వడం ఆ రోజుల్లో మామూలు. కండరాన్ని ఒక్కసారిగా లాగితే అందులోని నాడీ తంతువులు వెంటనే ముడుచుకోమని సంకేతం పంపుతాయి. మీరు సాగదీస్తుంటే అది బిగుసుకుంటుంది. పైగా మోకాళ్లు బిగబట్టి వంగినప్పుడు ప్రతి ఊపూ నడుం డిస్కుల మీదే పడుతుంది.

బదులుగా మొదట 5 నుంచి 8 నిమిషాలు ఉన్నచోటే నడక, చేతులు తిప్పడం. సాగదీయడం చివరికి పెట్టుకోండి: మోకాలు కాస్త వంచి, ఊపు లేకుండా, 15 నుంచి 30 సెకన్లు అలాగే ఉంచాలి.

ఉంచాల్సింది పక్కకు పడుకుని కాలెత్తడం. ఆ టేపులో నాకు బాగా నచ్చే భాగం అదే, కాకపోతే జనం చేసే తీరే తప్పు. కింది మోకాలు వంచండి. తల అరచేతి మీద నిలబెట్టకండి, మెడ వంకరపోతుంది. చాపిన చేతి మీద వాల్చండి. పై తుంటి సరిగ్గా కింది తుంటి మీదే ఉండాలి. పై కాలి బొటనవేలు కొంచెం నేలవైపు చూడాలి. రెండు అంకెలు లెక్కపెడుతూ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. మూరెడు ఎత్తు చాలు. ఇంకా పైకి పోవాలని చూస్తే నడుం వెనక్కి దొర్లుతుంది, పిరుదు పక్క కండరం చేయాల్సిన పని తొడ ముందు భాగం లాగేసుకుంటుంది. తెలుసుకోవడం సులువు: రెండో చేతిని పై తుంటి ఎముక మీద పెట్టండి. అది కదిలిన క్షణానే ఆ సెట్ అయిపోయినట్టు, ఎన్ని మిగిలినా సరే. ఒక్కో వైపు 12 చొప్పున రెండు సెట్లు. అవి తేలికయ్యాకే కాలికి అర కిలో బరువు కట్టాలి.

మిట్టమధ్యాహ్నం:
మరి ఆవిడ 'ఫీల్ ద బర్న్' అంటుందే? మంట రాకపోతే పని జరగనట్టేనా?

ఉప్పుకల్లు:
ఆ ఒక్క మాట చేసిన చేటు అంతా ఇంతా కాదు. మంటంటే కండరంలో ఆ క్షణానికి ఆమ్లత్వం, వ్యర్థాలు పేరుకోవడం. ఆపిన కాసేపటికే పోతుంది. మర్నాడు, మూడోనాడు ఉండే నొప్పి వేరే సంగతి, కండరపు పోగుల్లో పడ్డ సూక్ష్మమైన చీలికల వల్ల వస్తుంది. దానికి కారణమని చాలామంది అనుకునే లాక్టిక్ యాసిడ్ (శ్రమలో కండరంలో పుట్టే ఆమ్లం) అప్పటిదాకా నిలవ ఉండదు. రెండూ కొలబద్దలు కావు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: కండరం మధ్యలో మంట పర్వాలేదు, కీలు దగ్గర పోటు, సూది గుచ్చినట్టుండటం, కాల్లోకి పాకే తిమ్మిరి వస్తే అక్కడికక్కడే ఆపాలి.

తుంటికీలు:
పొట్ట వ్యాయామాల గురించి చెప్పడం మరిచాను. మెడ వెనక వేళ్లు పెనవేసి లాగడం మానండి, వేళ్లు చెవుల పక్కన ఆనించండి. గడ్డానికీ ఛాతీకీ మధ్య పిడికిలి పట్టాలి. భుజాల ఎముకలు లేస్తే చాలు. రెండు కాళ్లూ ఒకేసారి దించేటప్పుడు నడుం కింద ఖాళీ ఏర్పడితే ఒక్కో కాలే దించుకోండి.

పాత_క్యాసెట్:
ఫోండా కూడా మొదటి టేపు దగ్గరే ఆగిపోలేదు. 1986లో గెంతులు తగ్గించిన లో ఇంపాక్ట్ టేపు, తన తుంటి, మోకాలు కీళ్ల మార్పిడి ఆపరేషన్ల తర్వాత 2010లో పెద్దవయసు వారికి డీవీడీలు వచ్చాయి. 60 దాటినవారు వాటితోనే మొదలుపెట్టడం నయం. టేపుల్లోని సన్నని నడుం చూసి తిండి తగ్గించుకునేవారికి ఒక మాట: ఏళ్ల తరబడి బులిమియాతో (అతిగా తిని కక్కేసుకునే రుగ్మత) బాధపడ్డానని ఆమే బహిరంగంగా చెప్పింది.

ఉప్పుకల్లు:
ఇంకో లోటు. నేలమీద చేసేవి బోలెడున్నాయి, లాగే పని మాత్రం దాదాపు లేదు. వీపు పైభాగం వెనకబడుతుంది. రబ్బరు బ్యాండును దిటవైన దేనికైనా చుట్టి, మోచేతులు పక్కటెముకలకు రాసుకునేలా వెనక్కి లాగండి, 10 చొప్పున మూడు సెట్లు.

మిట్టమధ్యాహ్నం:
వారానికి ఎన్నిసార్లు?

తుంటికీలు:
ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండర బలానికి. మధ్యస్థం అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. టేపును రోజు విడిచి రోజు మూడుసార్లు వేసుకోండి. అడ్వాన్స్‌డ్ భాగం జోలికి అప్పుడే పోకండి, బిగినర్స్ అరగంట చాలు. మిగతా నిమిషాలు చురుకైన నడకతో పూరించండి. నేల గట్టిదైతే గెంతే భాగాలకు బూట్లు తొడుక్కోండి, మెత్తటి చాప మీద గెంతితే చీలమండ బెణకొచ్చు.