సమస్య: నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె

నిర్వాహకుని మాట

ఈ పక్షం సమస్య నా పాత కారులో పుట్టింది. కంపెనీ ఇచ్చిన ఉష్ణోగ్రత ముల్లు, నీటి వేడి కొంత హెచ్చినా తగ్గినా నడిమధ్యనే కదలక కూర్చొనేటట్టు అమర్చి ఉంటుంది. అందువల్ల అంకెలు గల 52 మిల్లీమీటర్ల గేజును కొని నేనే బిగించుకొన్నాను. ముందుగా బ్యాటరీ మైనస్ తీగను విప్పి, రేడియేటరు పై గొట్టాన్ని కోసి, నడుమ వేడిని పసిగట్టే సెన్సారు పట్టే అడాప్టరును క్లిప్పులతో బిగించి, తీగను ఇంజను గదికీ క్యాబినుకూ మధ్యనున్న రేకులోని రబ్బరు బుష్షు గుండా లోపలికి తెచ్చి, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు నుండి గేజుకు సరఫరా ఇచ్చాను. మూడవ నాడు రావులపాలెం నుండి అమలాపురం వస్తుండగా, 95 దాటి పైకి పోతున్న ముల్లు ఉన్నట్టుండి 60కి జారింది. చల్లబడిందని సంతోషించి మరి కొంత దూరం నడిపాను. కొబ్బరితోటల నీడ వచ్చేసరికి బానెట్టు సందుల నుండి ఆవిరి లేచింది. నేను బిగించిన క్లిప్పే వదులై, నీరు కారిపోయింది. ఆ రోజు కాలువ నీళ్లు మోసుకొంటూ ఈ పాదం అల్లుకొన్నాను.

పాదం తేటగీతిలో ఉన్నది: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం, నాల్గవ గణం మొదట పడుతుంది. ఇక్కడ ‘నీ’కి ‘నే’ చెల్లింది. పూరణ, అంటే ఈ పాదం చివర వచ్చేటట్టు సభ్యులు అల్లే పద్యం, కారు దాటి బయటికి పోరాదన్నది నియమం. నీరు వేడెక్కితే ముల్లు ఎక్కాలి గాని ఎందుకు జారిందన్న ప్రశ్నకు జవాబు పద్యంలోనే దొరకాలి.

మొదటి పూరణ, రాజోలు నుండి

గొట్ట మెక్కడో పగులంగఁ గొల్లఁబోయె
జలము; సెన్సారు గాలిలో జాగరించె;
తాఁకవలసిన నీరెల్ల దాఁటిపోవ
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

నా కారుకు జరిగినదే ఈ సభ్యులు చూడకుండానే చెప్పారు. పై గొట్టం ఎత్తులో ఉంటుంది కనుక, నీరు తగ్గితే ముందుగా అదే ఖాళీ అవుతుంది. గాలి, నీటివలె వేడిని సెన్సారుకు అందించలేదు కనుక ముల్లు దిగుతుంది. ‘గాలిలో జాగరించె’ అన్న మాట నాకు ఎంతో నచ్చింది. పని లేక మేలుకొని ఉండడమే కదా దాని స్థితి. అయితే మూడవ పాదంలో నీరెల్ల దాటిపోయిందని చెప్పి, నాల్గవ పాదంలో నీరు వేడెక్కిందంటే, ఏ నీరు అని అడగవలసి వస్తుంది. ఇంజనులో అడుగున కొంత మిగులుతుంది. అసలు ప్రమాదం ఆ మిగిలినదానికే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిని ఆపే రేడియేటరు మూత ఉన్నంతవరకు లోపలి నీరు, వంటింటి కుక్కరులో వలె, దాదాపు 121 డిగ్రీల దాకా మరగదు. గొట్టం పగిలి ఒత్తిడి పోగానే అదే నీరు 100 దగ్గరనే మరుగుతుంది. కనుక మూడవ పాదాన్ని ఇలా మార్చుకోవచ్చునని నా సూచన:

తాఁక నీరంద దడుగునఁ దక్కినట్టి
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

‘సెన్సారు’ను పద్యంలోకి రానీయరాదని, ‘తాపసూచి’ అనాలని ఒక పెద్దలు అభ్యంతరం చెప్పారు. దుకాణంలో తాపసూచి కావాలని అడిగితే జ్వరం చూసే గొట్టం చేతిలో పెడతారు. చివర ఉకారం చేరి తగణానికి (రెండు గురువులు, ఒక లఘువు) చక్కగా ఒదిగిన మాటను ఎందుకు వెళ్లగొట్టాలి?

రెండవ పూరణ, నరసాపురం నుండి

తెల్ల టేపును మరలకుఁ దెగువఁ జుట్టి
యెర్తు తెగినది యెఱుఁగక యెదురుచూచె
బావ, యోముల లెక్కలో భారమెక్క
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

ఒకే తీగ గల సెన్సారుకు ఎర్తు దాని మరచుట్ల ద్వారానే అందుతుంది. ప్లంబరు కుళాయికి చుట్టినట్టు తెల్ల టేపును దిట్టంగా చుడితే నీరు కారదు, కరెంటూ సరిగా పారదు. వేడి హెచ్చినకొద్దీ ఓములు, అంటే కరెంటుకు పడే నిరోధపు కొలత, తగ్గే రకం సెన్సారు ఇది. దారిలో అదనపు నిరోధం చేరితే గేజు ఆ నీరు చల్లగా ఉన్నదనుకొంటుంది. ఇంత విషయాన్ని ‘లెక్కలో భారమెక్క’ అన్న రెండు మాటలలో ఇమిడ్చారు. బావను ఆట పట్టించడం అదనపు రుచి.

లోపం ‘తెగినది’ అన్నచోట ఉన్నది. ఎర్తు పూర్తిగా తెగితే ముల్లు మొదటి నుండీ లేవదు. లేవని ముల్లు జారదు. ‘ఎర్తు వదులైన దెఱుఁగక యెదురుచూచె’ అంటే గణాలూ చెడవు, కార్యకారణమూ కుదురుతుంది: మొదట అంటుకొని ఉన్న ఎర్తు ఇంజను అదురుకు విడివడి, ఎక్కిన ముల్లును దించుతుంది. నరసాపురం వారికి ఉప్పుగాలి సంగతి నేను చెప్పనక్కరలేదు. ఎర్తు బోల్టు కింద రంగు గీకి, బిగించాక గ్రీజు పూయకపోతే పచ్చని చిలుము పడుతుంది. గొట్టం నడుమ అడాప్టరు పెట్టేవారు మరొకటి గమనించాలి. దానికి రెండు వైపులా రబ్బరే గనుక ఇంజనుతో స్పర్శ ఉండదు. టేపు చుట్టినా చుట్టకున్నా దానికి వేరే ఎర్తు తీగ కావాలి.

మూడవ పూరణ, ముక్తేశ్వరం నుండి

గిన్నెలో ముంచి సెన్సారుఁ గెలికి చూడ
వేఁడి హెచ్చిన నోములు విఱిగిపడియె;
మీటరునఁ జూచితిని నేను మేలుమేలు!
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

బిగించే ముందు సెన్సారును గిన్నెలో మరిగించి ఓములు కొలవడం మంచి అలవాటు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన డెల్టాలో నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది కనుక, ఒక కచ్చితమైన బిందువు ఖర్చు లేకుండా దొరుకుతుంది. ‘హెచ్చిన నోములు’ దగ్గర పట్టిన నోములన్నీ చెడ్డట్టు వినబడడం కవి కావాలని చేసినదో, సంధి తెచ్చిపెట్టినదో గాని, నేను నవ్వుకొన్నాను.

కాని పూరణ విద్యుత్తు దగ్గర తప్పింది. ముల్లుగల మల్టీమీటరులో ఓముల కొలత తిరగబడి ఉంటుంది. సున్న కుడి చివర ఉంటుంది. ఓములు తగ్గితే ముల్లు కుడికి ఎక్కుతుంది గాని జారదు. అంకెల మీటరులో అంకె తగ్గుతుంది, అయితే అందులో ముల్లే లేదు.

నాల్గవ పూరణ, అమలాపురం నుండి

జంట టేపున నంటించి సంతసించి
గేజు మావారు నిలిపిరి; కెరలె నెండ;
సీటు మీఁదను మరచెంబుఁ జేర్చినట్టి
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

ఈ పక్షానికి ఇదే మేటి. ఇంజనులోని నీటిని వదలి మరచెంబులోని నీటిని పట్టుకోవడంతో చిక్కుముడి ఒక్కసారిగా విడిపోయింది. ముల్లు గేజుతో సహా నిజంగానే కాళ్ల దగ్గర పడింది. గేజు రాలితే ముల్లు రాలిందనడం చెల్లదని ఒకరు వాదించారు. ఇల్లు కూలితే కిటికీ నిలిచి ఉండదు కదా. ఆ కవయిత్రి గారి వారికి మాత్రం ఒక మాట: మూసిన కారులో వేసవి ఎండకు రెండు వైపులా అంటుకొనే టేపు జిగురు మెత్తబడుతుంది, కాబట్టి గేజు కూర్చొనే గిన్నెను స్క్రూతో పట్టించడం మేలు. అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో అక్కడ స్క్రూ గాని గేజు గాని పెట్టనే రాదు. డాష్‌బోర్డు మీద చోటు చూసుకోవాలి.

పులస ముల్లుతో వచ్చిన పూరణను నియమం ప్రకారం పక్కన పెట్టాను. ఛందస్సులో తప్పు లేదు, పులుసులో కూడా ఉండదని నమ్ముతున్నాను.

ముక్తేశ్వరం వారి సవరణ

నా అభ్యంతరం చూసి, ఆ సభ్యులు మూడవ పాదాన్ని మార్చి పంపారు:

మీటరునుఁ దలక్రిందుగా మెత్త నుంచ
నీరు వేడెక్కఁగా ముల్లు నేలఁ జాఱె.

మీటరును తలకిందులు చేస్తే కుడి ఎడమ అవుతుంది, సున్న ఎడమ చివరకు వస్తుంది; చూసేవారికి ముల్లు దిగినట్టే కనిపిస్తుంది. ‘తలక్రిందుగా’లో ‘ల’ గురువు కావాలని, గణం చెడిందని రాజోలు వారు పట్టుకొన్నారు. ‘క్రింద’ వంటి తెలుగు మాటలలోని రేఫ సంయుక్తానికి ముందున్న అక్షరాన్ని తేల్చి పలికి లఘువుగా నిలుపుకోవడం కవులకు అనుమతమే, కనుక నాలుగు లఘువుల నలగణం నిలిచింది. విద్యుత్తుపై నా అభ్యంతరాన్ని కూడా వెనక్కు తీసుకొంటున్నాను.