హంపి రాతిరథం: కంచె ఉండాలా, కెమెరాలు ఆపాలా?

మాధవి, అనంతపురం:
హంపి విఠలాలయ ప్రాంగణంలోని రాతిరథాన్ని సందర్శకులు తాకకుండా పురావస్తు శాఖ 2020లో చుట్టూ కంచె ఏర్పాటు చేసింది. ఎంతో దూరం నుంచి వచ్చినవారికి మంచి ఫొటో దక్కనీయకపోవడం అన్యాయమని కొందరు అంటుంటే, శిథిలాలకు చేటు తెస్తున్నదే ఈ ఫొటోల మోజు కనుక కెమెరాలను ద్వారం దగ్గరే ఆపివేయాలని మరికొందరు అంటున్నారు. కంచె ఉండవలసిందే, కెమెరాను మాత్రం ఆపకూడదన్నది నా అభిప్రాయం. మీరేమంటారు?

శ్రీధర్, హైదరాబాద్:
కంచె అనవసరం. 1565 నాటి ఓటమి తర్వాత జరిగిన విధ్వంసాన్నీ, ఆ తర్వాతి శతాబ్దాల ఎండావానలనూ తట్టుకుని నిలిచిన రాయి మన చేతులు తగిలితే అరిగిపోతుందా? 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు మీద ఆ రథాన్నే ముద్రించి, తీరా చూడవచ్చినవారిని దూరంగా నిలబడమనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

మాధవి, అనంతపురం:
శ్రీధర్ గారూ, చూడటానికి ఏకశిలలా కనిపించినా అది ఏకశిల కాదు. గ్రానైట్ రాళ్లను ఒకదానిపై ఒకటి అతుకు తెలియకుండా పేర్చి కట్టిన గరుత్మంతుని గుడి అది. ముందున్న ఏనుగుల వెనుక వంగి చూడండి, అక్కడ గుర్రాల వెనుక కాళ్లూ తోకలూ మిగిలి ఉన్నాయి. మొదట ఆ రథాన్ని లాగుతున్నట్టు చెక్కినవి గుర్రాలు, ఏనుగులను తర్వాతి కాలంలో తెచ్చి నిలిపారు. ఒక చేయి తగిలితే ఏమీ కాకపోవచ్చు గానీ, చక్రాల మీద కాలు మోపి ఎక్కేవారూ, పిల్లలను ఏనుగుల మీద కూర్చోబెట్టేవారూ రోజంతా వరుస కడితే ఆ అంచులు ఎన్నాళ్లు నిలుస్తాయి? పక్కనే ఉన్న మహామండపంలోని సంగీత స్తంభాలను మోగించడం మాన్పించవలసి వచ్చింది కూడా ఇందుకే కదా.

రంగనాథ్, బళ్లారి:
మీరు చెప్పినదానిని బట్టే కెమెరాలను ఆపాలంటాను. ఏనుగు మీద కూర్చునేది ఫొటో కోసమే. 2019లో నలుగురు యువకులు ఇక్కడి ఒక ఆలయం దగ్గర స్తంభాన్ని చేతులతో నెట్టి పడవేస్తూ వీడియో తీసుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ మండపాల్లో చాలావాటికి స్తంభాల మధ్య సున్నం గాని సిమెంటు గాని లేదు, పైనున్న దూలం బరువే వాటిని నిలబెడుతుంది. ఆ దూలం పోయిన స్తంభం ఒంటరిగా మిగిలితే నలుగురు మనుషుల బలానికే కూలిపోతుంది. చూసేవారు లేకపోతే ఆ సాహసం ఎవరు చేస్తారు?

మాధవి, అనంతపురం:
రంగనాథ్ గారూ, ఆ ఘటన నన్నూ ఎంతగానో బాధించింది. కానీ ఆ నలుగురు దొరికింది ఆ వీడియో బయటికి రావడం వల్లనే. కోర్టు ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా వేసి, పడిన స్తంభాన్ని వారి చేతనే మళ్లీ నిలబెట్టించింది.

అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి మైనపు కాగితపు నెగెటివ్‌లతో హంపిని ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో రాతిరథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. ఈనాడు అక్కడ ఆ శిఖరం లేదు. ఆయన కెమెరా లేకుంటే, మనం నోటు మీద చూస్తున్న రూపమే రాయల కాలం నాటి రూపమని నమ్మి ఉండేవాళ్లం. కూలిన గోడ ఎక్కడ ఉండేదో, ఏ శిల్పం ముక్కు ఎప్పుడు విరిగిందో రేపు తేల్చి చెప్పగలిగేవి ఈరోజు యాత్రికులు తీసుకున్న మామూలు ఫొటోలే కావచ్చు. ఒక్క అధికారిక ఫొటోగ్రాఫర్ ఇన్ని వందల మండపాలను ఏటేటా ఎలా చూడగలడు?

2018లో పురావస్తు శాఖే తన రక్షణలోని కట్టడాలన్నింటిలో ఫొటోలకు అనుమతినిచ్చి, అజంతా గుహల వంటి కొద్ది చోట్ల మాత్రమే నిషేధం ఉంచింది. వర్ణచిత్రాల దగ్గర జాగ్రత్త అవసరమే. విరూపాక్షాలయ మండపం పైకప్పు మీది గిరిజాకల్యాణం ముందైనా, మన లేపాక్షి చిత్రాల ముందైనా ఫ్లాష్ వద్దంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. గ్రానైట్‌కు వెలుతురు చేసే హాని ఏముంది?

శ్రీధర్, హైదరాబాద్:
శిఖరం సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. రాళ్లు పేర్చిన కట్టడమని తెలిశాక ఎక్కనివ్వమని అడగలేను. అయితే కంచె చక్రాలను మరుగుపరచకుండా మోకాలి ఎత్తుకు మించని గొలుసుగా ఉండాలని, పక్కన గ్రీన్‌లా ఫొటోను పెద్దదిగా చేసి పెట్టాలని కోరుతున్నాను.

రంగనాథ్, బళ్లారి:
యాత్రికుల ఫోన్ల విషయంలో నా పట్టు సడలిస్తాను. పెళ్లికి ముందు ఫొటోల కోసం దీపాలు, గొడుగులు, బట్టల పెట్టెలతో మండపాల్లోకి దిగే బృందాల విషయంలో మాత్రం సడలించను.

మాధవి, అనంతపురం:
అక్కడ నేనూ మీతోనే ఉన్నాను. అటువంటి బృందాలకు ముందస్తు అనుమతి, రుసుము, వెంట ఒక కాపలాదారు తప్పనిసరి కావాలి. ఆ రుసుమును దూలం పోయి ఒంటరిగా నిలిచిన స్తంభాలకు ఆసరా కట్టడానికే ఖర్చు చేయాలని నా కోరిక.