చంకలో మళ్లీ మళ్లీ గడ్డలు: ఎల్02.411 (కుడి చంకలో ఆబ్సెస్, అంటే చీముగడ్డ) వేయాలా, ఎల్73.2 (హైడ్రాడెనైటిస్ సప్పురటైవా) వేయాలా?

ప్రశ్న: మెడికల్ కోడింగ్‌కు వచ్చిన అమెరికా ఔట్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకున్న రోగి) చార్టు. కుడి చంకలో గడ్డ కోసి చీము తీశారు. అసెస్‌మెంట్‌లో "కుడి చంకలో ఆబ్సెస్, హైడ్రాడెనైటిస్ సప్పురటైవా కావచ్చు" అని ఉంది (పొట్టిగా హెచ్‌ఎస్, చంక, గజ్జ వంటి చోట్ల గడ్డలు మళ్లీ మళ్లీ లేచే చర్మవ్యాధి). హిస్టరీలో మాత్రం ఏడాదిగా రెండు చంకల్లో, గజ్జల్లో వచ్చి పోతున్నాయనీ, మచ్చలు పడ్డాయనీ రాశారు. ఎల్73.2 వేయొచ్చా అండీ?

జవాబు (కోడింగ్): వేయకూడదండీ. ఔట్‌పేషెంట్‌లో "కావచ్చు", "అనుమానం" అన్న మాటలకు కోడ్ ఉండదు. ఈ విజిట్‌కు ఎల్02.411, కోసి చీము తీసిన ప్రొసీజర్‌కు 10060. గడ్డలు ఒకటికి మించితేనో, పని జటిలమైతేనో 10061. అదే ఇన్‌పేషెంట్ డిశ్చార్జి సమ్మరీలో "కావచ్చు" అని మిగిలితే ఉన్నట్టే కోడ్ చేస్తాం. హిస్టరీ ఎంత స్పష్టంగా ఉన్నా రోగనిర్ధారణ మన పని కాదు, డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పెట్టండి. అందులో "హెచ్‌ఎస్ అని రాయగలరా?" అని అడిగితే ఆడిట్‌లో నిలవదు. చార్టులోని ఆధారాలు చూపి, గడ్డలు పదేపదే రావడానికి కారణమేమిటో తెలపమనండి.

జవాబు (చర్మవైద్యం): ఆ క్వెరీలో ఏం చూపాలో చెబుతాను. హెచ్‌ఎస్‌ను పరీక్షించి చూసే తేలుస్తారు, రక్తపరీక్ష అంటూ లేదు. మూడు కలవాలి: లోతైన, నొప్పిగల గడ్డలు, చర్మం కింద సొరంగాలు, రెండు రంధ్రాల బ్లాక్‌హెడ్లు వంటి లక్షణాలు, చంక, గజ్జ, రొమ్ముల కింద, మలద్వారం చుట్టూ వంటి చోట్లు, ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు తిరగబెట్టడం. చాలామందికి ఏళ్ల తరబడి నిర్ధారణ జరగకపోవడానికి కారణం ఈ మూడోదే. ప్రతిసారీ కొత్త చోట చూపించుకుంటారు, ప్రతిసారీ కొత్త సెగగడ్డే అవుతుంది. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా హెచ్‌ఎస్ కాదనుకోవద్దు, అది మామూలే. బయాప్సీ సాధారణంగా అక్కర్లేదు. ఏళ్ల తరబడి మానని పుండు, ముఖ్యంగా పిరుదుల దగ్గర ఉంటే మాత్రం క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి చేయాల్సిందే. కోసి చీము తీస్తే ఆ పూట నొప్పి తగ్గుతుంది, గడ్డ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: తర్వాతి విజిట్‌లో "హెచ్‌ఎస్, హర్లీ 2, అడాలిముమాబ్ కొనసాగించాలి" అని రాశారు. హర్లీ స్టేజీకి (జబ్బు తీవ్రతను 1 నుంచి 3 వరకు చెప్పే కొలత), కుడి ఎడమలకు వేరే కోడ్లున్నాయా?

జవాబు (కోడింగ్): లేవు. స్టేజీ ఏదైనా, ఏ పక్కదైనా ఎల్73.2 ఒక్కటే. అడాలిముమాబ్ మందును దీర్ఘకాలం వాడుతున్నందుకు జెడ్79.620 జోడించండి. పొగాకు అలవాటు, ఊబకాయం డాక్టరు రాసి ఉంటే అవీ వేయాలి. బీఎంఐ అంకె ఒక్కటే ఉంటే జెడ్68 (బీఎంఐ కోడ్) వేయొద్దు, డాక్టరు రాసిన నిర్ధారణ తోడుండాలి. హర్లీ స్టేజీకి కోడ్ లేకున్నా నోట్‌లో ఉండటం మేలు, అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ మందుకు అనుమతి అడిగేటప్పుడు ఇన్సూరెన్స్‌వాళ్లు దాన్నే వెతుకుతారు. ఇక గ్రంథులున్న చర్మాన్ని మొత్తంగా తీసేస్తే 11400 వరస (క్యాన్సర్ కాని మామూలు గడ్డలు తీసే కోడ్లు) చూడకండి, హైడ్రాడెనైటిస్‌కు విడిగా ఉన్నాయి: చంకకు 11450, గజ్జకు 11462, మలద్వారం చుట్టూ లేదా బొడ్డు దగ్గర 11470. కుట్టు కాంప్లెక్స్ అయితే ఒక్కో దానికీ తర్వాతి అంకె. కుట్టు ఏ రకమో ఆపరేషన్ నోట్‌లో లేకపోతే అక్కడా క్వెరీయే.