504 గేట్‌వే టైమౌట్: సెట్టింగ్ 300కి పెంచినా 60 సెకన్లకే తెగిపోతోంది

కొత్తసర్వర్:
నమస్కారమండీ. ఒక వెబ్ అప్లికేషన్‌ను 504 (వెనక నుంచి గడువులోగా జవాబు రాలేదనే ఎర్రర్) పట్టుకుని వదలడం లేదు. ముందు రిక్వెస్టులని పంచే లోడ్ బ్యాలెన్సర్, దాని వెనక వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్, అదే మెషీన్‌లో పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ వేరే మెషీన్‌లో ఉన్నాయి. నెలవారీ రిపోర్ట్ పేజీ తెరిస్తే సరిగ్గా నిమిషం సేపు తిరిగి 504 చూపిస్తుంది. అప్పుడప్పుడూ రిపోర్టుతో ఏ సంబంధమూ లేని పేజీలు, చివరికి లాగిన్ పేజీ కూడా అదే ఎర్రర్ ఇస్తున్నాయి. నెట్‌లో చూసి ప్రాక్సీ_రీడ్_టైమౌట్ 300 పెట్టి రీలోడ్ చేశాను. ఇసుమంత తేడా లేదు. సీపీయూ, ర్యామ్ చూస్తే రెండూ ఖాళీ. పైగా పీహెచ్‌పీలో మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ 30 సెకన్లే ఉంది, మరి స్క్రిప్ట్ 60 సెకన్ల దాకా ఎలా బతుకుతోంది? ఇంకా పెద్ద మెషీన్ తీసుకోమంటారా?

లాగ్‌చూడు:
వద్దండీ. సీపీయూ ఇప్పుడే ఖాళీగా ఉంటే పెద్ద మెషీన్‌లో ఇంకా ఎక్కువ ఖాళీగా ఉంటుంది, అంతే. 504 చూపించేది ఎదురుచూసి విసిగిపోయినవాడు. ఆలస్యం చేసినవాడు వాడి వెనక ఎక్కడో ఉంటాడు. మీ వరసలో నలుగురున్నారు. ఎవరు ఎవరి కోసం ఆగిపోయారో తేలకుండా టైమౌట్లు తిప్పితే చీకట్లో రాయి వేసినట్టే.

మూడు సంగతులు చెప్పండి. ఎన్జిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో ఆ సమయానికి పడిన లైన్ ఏమిటి? అందులో "వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్" అని ఉందా, "వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్ ఫ్రమ్ అప్‌స్ట్రీమ్" అని ఉందా? అప్‌స్ట్రీమ్ అంటే ఎన్జిన్‌ఎక్స్ రిక్వెస్ట్ పంపే వెనకవాడు. ఈ రెండూ పూర్తిగా వేర్వేరు జబ్బులు. మొదటిదైతే కనెక్షనే కుదరలేదు. రెండోదైతే కనెక్షన్ కుదిరింది, అవతలివాడు రిక్వెస్ట్ తీసుకుని నోరు విప్పలేదు. రెండో సంగతి, తెర మీద వచ్చే 504 పేజీ అడుగున ఎన్జిన్‌ఎక్స్ పేరు కనిపిస్తోందా? మూడోది, పీహెచ్‌పీకి పంపేది ప్రాక్సీ_పాస్‌తోనా, ఫాస్ట్‌సీజీఐ_పాస్‌తోనా?

కొత్తసర్వర్:
ఫాస్ట్‌సీజీఐ_పాస్ అండీ. పేజీ అడుగున ఎన్జిన్‌ఎక్స్ పేరు ఉంది. లాగ్‌లో "అప్‌స్ట్రీమ్ టైమ్డ్ ఔట్ (110: కనెక్షన్ టైమ్డ్ ఔట్) వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్ ఫ్రమ్ అప్‌స్ట్రీమ్" అని బోలెడు. కనెక్టింగ్ అన్నది ఒక్కటీ లేదు.

పాతకాపు:
అయితే మీరు పెంచిన సెట్టింగ్‌కి ఈ దారితో పనే లేదు. ప్రాక్సీ_ అని మొదలయ్యేవన్నీ ప్రాక్సీ_పాస్ కోసం. మీరు చూడాల్సింది ఫాస్ట్‌సీజీఐ_రీడ్_టైమౌట్. దానికీ డిఫాల్ట్ 60 సెకన్లే, అందుకే అంత కచ్చితంగా నిమిషానికి తెగుతోంది. ఇంకో మాట. ఈ 60 సెకన్లు మొత్తం జవాబుకి పెట్టిన గడువు కాదు, ఒక రీడ్‌కీ తరవాతి రీడ్‌కీ మధ్య గడువు. కొంచెం కొంచెంగా డేటా పంపుతూ ఉండే పేజీ పది నిమిషాలు నడిచినా ఇది అడ్డుపడదు.

మీ 30 సెకన్ల అనుమానానికి: లినక్స్‌లో మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ లెక్కలోకి వచ్చేది స్క్రిప్ట్ స్వయంగా పనిచేసిన సమయం మాత్రమే. డేటాబేస్ జవాబు కోసం ఆగిన సమయం, స్లీప్, సిస్టమ్ కాల్స్ అందులోకి రావు. క్వెరీ కోసం రెండు నిమిషాలు ఆగినా పీహెచ్‌పీ దృష్టిలో అర సెకను కూడా గడిచి ఉండకపోవచ్చు. మీ సీపీయూ ఎందుకు ఖాళీగా ఉందో కూడా ఇక్కడే తెలిసిపోతోంది. అసలు గడియారం ప్రకారం ఆపాలంటే ఎఫ్‌పీఎం పూల్ (స్క్రిప్టులు నడిపే వర్కర్ ప్రాసెస్‌ల గుంపు) సెట్టింగుల్లో రిక్వెస్ట్_టెర్మినేట్_టైమౌట్ ఉంది. డిఫాల్ట్ 0, అంటే ఎప్పటికీ ఆపదు. అది కోత వేస్తే మాత్రం మీకు కనిపించేది 504 కాదు, 502, అంటే వెనక నుంచి సరైన జవాబు రాలేదని.

కొత్తసర్వర్:
ఫాస్ట్‌సీజీఐ_రీడ్_టైమౌట్ 300 చేశాను, కాన్ఫిగ్ టెస్ట్ చేసి రీలోడ్ చేశాను. విచిత్రమేమిటంటే ఇప్పుడూ 60 సెకన్లకే 504! కాకపోతే పేజీ రూపు మారింది, అడుగున ఎన్జిన్‌ఎక్స్ పేరు లేదు. యాక్సెస్ లాగ్‌లో అదే రిక్వెస్ట్ పక్కన 504 బదులు 499 అని ఉంది.

ప్యాకెట్:
విచిత్రమేమీ లేదండీ, గొడవ ఒక మెట్టు పైకి ఎక్కింది. 499 ప్రమాణాల్లో ఉన్న కోడ్ కాదు, ఎన్జిన్‌ఎక్స్ తన లాగ్ కోసం సొంతంగా రాసుకునేది: "నేను జవాబు ఇచ్చేలోపే అడిగినవాడు వెళ్ళిపోయాడు" అని. మీ దగ్గర అడిగినవాడు బ్రౌజర్ కాదు, లోడ్ బ్యాలెన్సర్. దాని ఐడిల్ టైమౌట్ (డేటా ఏదీ కదలకపోయినా ఆగే గడువు) కూడా 60 ఉండి ఉంటుంది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కి డిఫాల్ట్ అదే. వెంటనే దాన్నీ 300 చేసేయకండి, ముందు అసలు ఎంత సేపు పడుతోందో చూద్దాం.

సర్వర్‌లోకి వెళ్ళి, లోడ్ బ్యాలెన్సర్‌ని దాటేసి, అక్కడి నుంచే కర్ల్ కమాండ్‌తో ఆ పేజీ అడగండి. మైనస్ డబ్ల్యూ ఆప్షన్‌తో టైమ్_కనెక్ట్, టైమ్_స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్ (జవాబులో మొదటి బైట్ రావడానికి పట్టిన సమయం), టైమ్_టోటల్ మూడూ వేయించండి. మొదటిది చిన్నగా ఉండి రెండోది పెద్దగా ఉంటే నెట్‌వర్క్ మీద అనుమానం వదిలేయొచ్చు.

టైమౌట్ల విషయంలో నేను పాటించే పద్ధతి ఒకటే: లోపలివాడు ముందు విసగాలి, బయటివాడు చివర. డేటాబేస్ గడువు అన్నిటికంటే చిన్నది, తరవాత పీహెచ్‌పీ, తరవాత ఎన్జిన్‌ఎక్స్, ఆఖర్న లోడ్ బ్యాలెన్సర్. మీ దగ్గర ఇప్పుడు తలకిందులైంది. బయటివాడు 60కి వెళ్ళిపోతున్నాడు, లోపలివాళ్ళు ఎవరి కోసమో తెలియకుండా పనిచేస్తూనే ఉన్నారు. అవతల మనిషి లేడని పీహెచ్‌పీకి తెలిసేది ఏదైనా అవుట్‌పుట్ పంపబోయినప్పుడే. క్వెరీ మధ్యలో ఉంటే తెలిసే దారి లేదు. యూజరేమో 504 చూసి రిఫ్రెష్ కొడతాడు. పాత క్వెరీ నడుస్తుండగానే అలాంటిదే ఇంకొకటి మొదలు. మీ లాగిన్ పేజీ పడిపోవడం వెనక ఇదే ఉందని నా అనుమానం. ఎఫ్‌పీఎం లాగ్ చూశారా?

కొత్తసర్వర్:
చూశాను. "సర్వర్ రీచ్డ్ పీఎం.మ్యాక్స్_చిల్డ్రన్ సెట్టింగ్ (5), కన్సిడర్ రైజింగ్ ఇట్" అని ఉంది. కర్ల్‌లో కనెక్ట్ దాదాపు సున్నా, స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్ 140 సెకన్లు. ఇంకో వింత కూడా కనిపించింది. రిపోర్ట్ నడుస్తున్నప్పుడు అదే బ్రౌజర్‌లో వేరే ట్యాబ్ తెరిస్తే సైట్ కదలదు. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే చకచకా వస్తుంది.

పాతకాపు:
ఆ చివరి వాక్యం బంగారం. అది సెషన్ లాక్.

పీహెచ్‌పీ సెషన్లు, అంటే ఒక్కో యూజర్ గురించి సర్వర్ గుర్తుంచుకునే వివరాలు, మామూలుగా ఫైళ్ళలో ఉంటాయి. సెషన్_స్టార్ట్ పిలవగానే ఆ యూజర్ ఫైల్‌కి తాళం పడుతుంది, స్క్రిప్ట్ అయిపోయేదాకా తీయరు. అదే యూజర్ నుంచి ఇంకో రిక్వెస్ట్ వస్తే అది తన సెషన్_స్టార్ట్ దగ్గరే నిలబడిపోతుంది. వేరే బ్రౌజర్‌కి వేరే కుకీ, వేరే ఫైల్, కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఒక్క యూజర్‌కే ఆగితే సెషన్ లాక్, అందరికీ ఆగితే వర్కర్లు నిండిపోయాయి. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం కేసులు లాగ్ తెరవకుండానే తేలిపోతాయి.

మీ దగ్గర రెండూ కలిసి కూర్చున్నాయి. తాళం కోసం నిలబడ్డ రిక్వెస్ట్ ఊరికే నిలబడదు, ఒక వర్కర్‌ని పట్టుకుని నిలబడుతుంది. మీ మ్యాక్స్_చిల్డ్రన్ ప్రకారం ఉన్న వర్కర్లు 5. ఒకాయన రిపోర్ట్ నొక్కాడు, ఒకటి పోయింది. రావడం లేదని ఇంకో నాలుగుసార్లు అటూ ఇటూ నొక్కాడు, మిగతా నాలుగూ పోయాయి. ఇప్పుడు సైట్ మొత్తం ఒకే మనిషి గుప్పిట్లో ఉంది, సీపీయూ ఏమో నిద్రపోతోంది. లాగిన్ పేజీ ఏ పాపమూ ఎరగదు.

మందు తేలికే. రిపోర్ట్ స్క్రిప్ట్‌లో యూజర్ ఎవరో చూసుకున్నాక, పెద్ద క్వెరీకి ముందు సెషన్_రైట్_క్లోజ్ పిలవండి. ఆ తరవాత సెషన్ విలువలు చదవొచ్చు గానీ మార్చినవి సేవ్ కావు. చదవడమే పనైతే పీహెచ్‌పీ 7 నుంచి సెషన్_స్టార్ట్‌కే రీడ్_అండ్_క్లోజ్ ఆప్షన్ ఇవ్వొచ్చు.

మ్యాక్స్_చిల్డ్రన్ 5 అన్నది చిన్నదే, పెంచండి. కానీ లాగ్ చెప్పింది కదా అని 200 పెట్టొద్దు. ఒక్కో వర్కర్ ఎంత మెమరీ తింటోందో చూసి, పీహెచ్‌పీకి ఇవ్వగలిగిన ర్యామ్‌ని దానితో భాగించండి. మైఎస్‌క్యూఎల్ మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 151 అన్నది కూడా మనసులో ఉంచుకోండి, లేకపోతే గుంపు ఇక్కడి నుంచి అక్కడికి మారుతుంది. పూల్‌లో స్లోలాగ్ ఆన్ చేసి రిక్వెస్ట్_స్లోలాగ్_టైమౌట్ 5 సెకన్లు పెట్టండి. అంతకు మించి ఆగిన స్క్రిప్ట్ ఏ ఫైల్లో ఏ లైన్ దగ్గర ఆగిందో రాసిపెడుతుంది. ఇంత ఉపయోగపడే లాగ్‌ని ఎవరూ ఎందుకు ఆన్ చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొత్తసర్వర్:
ఆన్ చేశానండీ. మీరన్నట్టే ఉంది. ఒకటి పీడీఓ ఎగ్జిక్యూట్ (డేటాబేస్ క్వెరీ నడిపే చోటు) దగ్గర, మిగతావన్నీ సెషన్_స్టార్ట్ దగ్గర ఆగి ఉన్నాయి. సెషన్_రైట్_క్లోజ్ పెట్టాక వేరే ట్యాబ్‌లు ఆగడం లేదు. ఇక ఆ 140 సెకన్లు మిగిలాయి.

క్వెరీ:
ఇక్కడి నుంచి నా వంతు. రిపోర్ట్ నడుస్తుండగా మైఎస్‌క్యూఎల్‌లో షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ కొట్టి ఆ క్వెరీ తీసుకోండి, ముందు ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడపబోతోందో చెప్పేది) పెట్టి చూడండి. టైప్ కాలమ్‌లో ఆల్ అని ఉంటే టేబుల్ మొత్తం చదువుతోందన్నమాట. ఇంకెవరి రో లాక్ కోసమో ఆగిందేమో అనుకోవచ్చు గానీ, మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో లాక్ గడువు డిఫాల్ట్ 50 సెకన్లు. అలాంటిదైతే 140 దాకా లాగకుండా 1205 ఎర్రర్‌తో పడిపోయేది. స్లో క్వెరీ లాగ్ వాడితే లాంగ్_క్వెరీ_టైమ్ తగ్గించండి, డిఫాల్ట్ 10 సెకన్లు వెబ్ పేజీకి మరీ ఎక్కువ.

కొత్తసర్వర్:
టైప్ ఆల్, రోస్ దాదాపు 40 లక్షలు. తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే పట్టిక) ఉంది మరి! వేర్‌లో ఇయర్(తేదీ), మంత్(తేదీ) అని పెట్టి నెలని వడకడుతున్నాం.

క్వెరీ:
అదే మరి. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టేస్తే ఆ మామూలు ఇండెక్స్ పనికిరాదు. ప్రతి రో తీసి, నెల లెక్కగట్టి, తనకు కావాల్సినదో కాదో చూసుకోవాల్సి వస్తుంది. తేదీ ఈ నెల 1కి సమానం లేదా ఎక్కువ, వచ్చే నెల 1 కంటే తక్కువ అని రాయండి. బిట్వీన్ వాడొద్దు. కాలమ్‌లో సమయం కూడా ఉంటే నెలాఖరు రోజు మొదలయ్యే అర్ధరాత్రి తరవాత ఆ రోజు జరిగినవన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

కొత్తసర్వర్:
140 నుంచి 3 సెకన్లకి దిగింది! అందరికీ చాలా చాలా థాంక్స్. సంవత్సరం రిపోర్ట్ మాత్రం ఇంకా 70 దాకా తీసుకుంటోంది. దానికోసం లోడ్ బ్యాలెన్సర్ గడువు పెంచేయనా?

లాగ్‌చూడు:
పెంచితే ఈ ఏడాది నడుస్తుంది, డేటా పెరిగాక మళ్ళీ ఇక్కడికే వస్తారు. అంత పని బ్రౌజర్‌ని ఆపి ఉంచి చేయకూడదు. రిక్వెస్ట్ రాగానే పనిని క్యూలో వేసి 202 (అందింది, పని ఇంకా పూర్తి కాలేదు అనే కోడ్) తిప్పి పంపండి. వెనక ఒక వర్కర్ ప్రాసెస్ రిపోర్ట్ తయారుచేసి ఫైల్‌గా పెడుతుంది, పేజీ కొన్ని సెకన్లకోసారి అయిందా అని అడుగుతుంది. కమాండ్ లైన్‌లో నడిచే పీహెచ్‌పీకి మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ 0, గేట్‌వే గొడవే ఉండదు. అదే రిపోర్ట్ ఇప్పటికే క్యూలో ఉంటే రెండోసారి వేయకుండా చూసుకోండి, రిఫ్రెష్ అలవాటు అంత త్వరగా పోదు.

ప్రాక్సీ, ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమౌట్లకి పెట్టిన ఆ 300లు రెండూ వెనక్కి 60కి తీసేయండి. యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో రిక్వెస్ట్_టైమ్, అప్‌స్ట్రీమ్_రెస్పాన్స్_టైమ్ రెండూ చేర్చండి. ఏ పేజీ నెమ్మదిస్తోందో 504 దాకా రాకముందే కనిపిస్తుంది. కోడ్‌లో బయటి ఏపీఐలని పిలిచే చోట్లు ఉంటే వాటికీ గడువు రాయండి, పీహెచ్‌పీ కర్ల్‌లో కర్లాప్ట్_టైమౌట్ పెట్టకపోతే ఎంతసేపైనా ఆగుతుంది.

ఇంకొకసందేహం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ప్రాక్సీ_పాస్, లాగ్‌లో "కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్" అనే వస్తోంది. బ్యాకెండ్‌ని నేరుగా కర్ల్ కొడితే క్షణంలో జవాబిస్తోంది. నిన్నటిదాకా అంతా బాగానే ఉంది.

ప్యాకెట్:
ఎర్రర్ లాగ్ లైన్ చివర అప్‌స్ట్రీమ్ అని ఐపీ ఉంటుంది. బ్యాకెండ్ పేరుకి ఇప్పుడు డీఎన్‌ఎస్ ఇచ్చే ఐపీతో దాన్ని పోల్చండి. కాన్ఫిగ్‌లో పేరు నేరుగా రాస్తే ఎన్జిన్‌ఎక్స్ దాన్ని స్టార్ట్ లేదా రీలోడ్ అయినప్పుడే ఐపీగా మార్చుకుంటుంది, తరవాత ఐపీ మారినా పాతదాని దగ్గరికే వెళుతుంది. రెండూ ఒకటే అయితే ఫైర్‌వాల్ చూడండి. ప్యాకెట్‌ని డ్రాప్ చేస్తే ఇలా ఆగి ఆగి 504 వస్తుంది, రిజెక్ట్ చేస్తే వెంటనే 502 వస్తుంది.

ఇంకొకసందేహం:
ఐపీ మారిందండీ, నిన్న రాత్రి బ్యాకెండ్‌ని కొత్త మెషీన్‌కి మార్చారట. రీలోడ్ చేయగానే వచ్చేసింది. ప్రతిసారీ రీలోడ్ చేయాల్సిందేనా?

ప్యాకెట్:
అక్కర్లేదు. రిజాల్వర్ డైరెక్టివ్ పెట్టి, ప్రాక్సీ_పాస్‌లో పేరుని ఒక వేరియబుల్‌గా ఇవ్వండి, డీఎన్‌ఎస్ గడువు తీరినప్పుడల్లా తనే మళ్ళీ అడుగుతుంది. అలా చేసినప్పుడు యూఆర్ఐ వెళ్ళే తీరు మారుతుంది, లొకేషన్ బ్లాక్‌లో పాత్ ఏదైనా కత్తిరిస్తుంటే ముందు టెస్ట్ సర్వర్‌లో చూసుకోండి.