పింగాణీ మీద అచ్చు బొమ్మ: అది చేతిపని అవుతుందా, కాదా?

మట్టిచేతులు (సైనిక్‌పురి):
ఇంటి వెనక షెడ్డులో చక్రం పెట్టుకుని కప్పులు చేస్తాను. పోచంపల్లి ఇక్కత్ నమూనాలను డెకాల్ షీట్లుగా (బొమ్మను కప్పు మీదికి దించే కాగితాలుగా) ముద్రించి, గ్లేజు (గాజులాంటి పూత) వేసి కాల్చిన కప్పులకు అతికించి మళ్లీ కాలుస్తాను. గత నెల నగరంలో ఒక చేతివృత్తుల ప్రదర్శనకు దరఖాస్తు చేస్తే, అచ్చువేసిన బొమ్మలున్న సామాను చేతిపని కిందికి రాదని నిర్వాహకులు తిప్పి పంపారు. మట్టి పిసికినవీ, కప్పును లేపినవీ, బట్టీ దగ్గర రాత్రంతా కాచుకున్నవీ ఈ చేతులే. బొమ్మ ఒక్కటి కాగితం మీది నుంచి దిగినంత మాత్రాన మిగతా పనంతా లెక్కలోకి రాకుండా పోతుందా? మీ అభిప్రాయాలు చెప్పగలరు.

కుంచెగీత (మల్కాజ్‌గిరి):
నిర్వాహకుల నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయమండీ. ఒక కప్పు చుట్టూ కుంచెతో తీగ గీయడానికి నాకు గంట పడుతుంది, చేయి వణికితే ఆ కప్పు పక్కన పెట్టాల్సిందే. అదే తీగను షీటు మీద ముద్రించి పక్క బల్ల మీద సగం ధరకు అమ్మితే, కొనేవారికి తేడా ఎవరు చెబుతారు? పైగా, మీరు వాడే డెకాల్ రంగు గ్లేజు పైననే ఉంటుంది, దాదాపు 800 డిగ్రీల దగ్గర కాలుతుంది, కాబట్టి మన ఇళ్లలో పీచుతో రోజూ తోమితే కాలక్రమంలో అరుగుతుంది. ఆ రంగుల్లో సీసమో కాడ్మియమో ఉంటే అవి పెదవి తగిలే అంచు దగ్గర ఉండనే కూడదు.

అచ్చుదిమ్మ (ఊరు పెడన, ఉండేది ఉప్పల్):
కుంచెగీత గారు అంచు గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ అచ్చు వేస్తే చేతిపని కాదనే మాట మా ఊరివాళ్లెవరూ ఒప్పుకోరు. బట్ట మీద కలంకారీ బొమ్మలను శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండోదానికి మచిలీపట్నం కలంకారీ పేరుతో విడిగా భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పింగాణీ మీద అచ్చు కూడా నిన్న మొన్నటిది కాదు. లివర్‌పూల్‌లో జాన్ సాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200కు పైగా పలకల మీద బొమ్మలు అచ్చువేశామని 1756లోనే ప్రమాణపత్రం ఇచ్చారు. తర్వాత ఇంగ్లండులో స్థిరపడిన పద్ధతి ప్రకారం రాగి రేకు మీద చెక్కిన బొమ్మను పలచని కాగితం మీదికి, అక్కడి నుంచి పింగాణీ మీదికి దించేవారు. ఆ రేకు చెక్కినవాడి చేతిని లెక్కలోంచి ఎలా తీసేస్తాం?

మట్టిచేతులు గారూ, నా అభ్యంతరం మీ అచ్చు మీద కాదు, మీ నమూనా మీద. ఇక్కత్‌లో నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. మగ్గం మీద దారం వెంట్రుకవాసి కదలడం వల్ల ఆ ఆకారాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి, ఇక్కత్ అందమంతా ఆ చెదురులోనే ఉంది. కప్పు మీద దారమూ లేదు, కదలికా లేదు. అక్కడ మిగిలేది చీర ఫొటో మాత్రమే. పాతబస్తీలో మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆశుర్‌ఖానా గోడను ఒకసారి దగ్గరగా చూడండి. రంగు పలకలను ముక్కలుగా కోసి అమర్చిన పని అది. ముక్కకూ ముక్కకూ నడుమ ఉన్న సందే అక్కడ గీత అయింది.

ఇంట్లో మూలన పడున్న పాత టేకు అచ్చుతో నేనొక ప్రయత్నం చేశాను. కప్పు సగం ఆరి తోలులా గట్టిపడ్డాక, అచ్చుకు మొక్కజొన్న పిండి అద్ది, లోపలి నుంచి అరచెయ్యి ఆనించి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మెల్లగా దొర్లిస్తూ నొక్కాను. కాలి వచ్చాక చూస్తే గుంటల్లో గ్లేజు నిండి ముదురాకుపచ్చగా, గట్ల మీద పలచగా దిగింది. అచ్చులో ఒక ఆకు కొస విరిగి ఉంటే ఆ విరుపు కూడా పడింది. కప్పు మొత్తంలో నాకు నచ్చింది అదే. అయితే ఆరి కాలేసరికి మట్టి దాదాపు పదో వంతు కుదించుకుపోతుంది కాబట్టి, కొత్త అచ్చు చెక్కించేటప్పుడు ఆ మేరకు పెద్దదిగా చెక్కించుకోవాలి.

ఇంకో ఆలోచన ముగ్గు. చుక్కలను కోబాల్టు నీలంతో అచ్చువేసి, వాటి చుట్టూ మెలికను మాత్రం కుంచెతో తిప్పండి. కోబాల్టు 1,200 డిగ్రీలు దాటినా నిలుస్తుంది కనుక బొమ్మను గ్లేజు కిందనే వేసుకోవచ్చు, అక్కడికి పీచు అందదు.

బట్టీమంట (నాచారం):
డెకాలే వాడదలిస్తే ఒక్క మాట. మీ కప్పు పైకి వెడల్పవుతుంటే తిన్నని పట్టీ దానికి చుట్టుకోదు, ముడతలు పడుతుంది. విసనకర్ర ఆకారంలో వంచి కత్తిరించుకోండి, అతుకు చెవి కిందికి వచ్చేలా చూసుకోండి. నీళ్లు, గాలి పూర్తిగా బయటికి నొక్కి, ఒక రాత్రి ఆరనివ్వకుండా బట్టీలో పెట్టవద్దు.

కుంచెగీత:
ముగ్గు ఆలోచన బాగుంది. అయినా పెడన చీర కొనేవారికి అది అచ్చు అని ముందే తెలుసు. కప్పు కొనేవారికి తెలియదు. నా పట్టుదలంతా అక్కడే.

మట్టిచేతులు:
ఇక్కత్ షీట్లు ఇంకా నలభై ఉన్నాయి, వాటిని సాసర్ల అడుగున వాడేస్తాను. ఇకపై ప్రతి కప్పు చీటీ మీద "చక్రం మీద చేసినది, బొమ్మ అచ్చు" అని రాస్తానని నిర్వాహకులకు మళ్లీ ఉత్తరం పంపాను. అచ్చుదిమ్మ గారూ, ఆ విరిగిన ఆకు అచ్చును ఒక వారం ఇవ్వగలరా? ఆదివారం ఉప్పల్ వచ్చి తీసుకుంటాను.