పిల్లల కార్ సీటు బిగించడం చూపించే డాక్టరు వరంగల్ వైపు ఉన్నారా?

మా బాబుకు ఎనిమిది నెలలు. హన్మకొండ నుంచి కరీంనగర్‌లో అమ్మగారింటికి కారులోనే పోతుంటాం. టీకాలకు పోయినప్పుడు డాక్టరుగారిని కార్ సీటు గురించి అడిగితే "ఒళ్లో పట్టుకోండి, మెల్లగా పోండి" అన్నారు, అంతే. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుంటే 1000 రూపాయల జరిమానా ఉంది, కానీ నా టెన్షన్ దాని గురించి కాదు, గట్టిగా గుద్దుకుంటే ఎవరి చేతులూ పిల్లాణ్ణి ఆపలేవు. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే ఆ సీటుకు చెప్పిన బరువు, ఎత్తు దాటేదాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టమంటోంది.

మాది పాత కారు, ఐసోఫిక్స్ (పిల్లల సీటును నేరుగా తగిలించడానికి కారు సీట్లోనే ఉండే కొక్కేలు) లేదు. కారు బెల్టుతోనే సీటు బిగించినవాళ్లు ఉంటే, అది కదలకుండా ఉంటుందా? బిగించి చూపించే డాక్టరో నర్సో తెలిస్తే చెప్పండి. మా అత్తమ్మను ఎలా ఒప్పించాలో కూడా చెప్పండి, "పసిపిల్లాణ్ణి కట్టేస్తావా" అంటున్నారు.