నాలుగు చోట్ల ఒకటే మాట ఉంటే నమ్మొచ్చా?

కావలి కుర్రోడు: మా వీధి పిలకాయల కోసం జిల్లాల మీద చిన్న క్విజ్ యాప్ చేస్తున్నా. అంతా చేత్తో ఎక్కించే ఓపిక లేక లింక్డ్ డేటా (యంత్రాలు చదివేలా, ఒకదానికొకటి ముడిపెట్టి వెబ్‌లో పెట్టే సమాచారం) నుంచి లాగాను. శ్రీహరికోటకు నెల్లూరు జిల్లా అని వచ్చింది. ఇంకో మూడు చోట్ల చూస్తే అక్కడా అదే. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి గదా అని పెట్టేశా. సూళ్లూరుపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పిలగాడు "మాది తిరుపతి జిల్లా అన్నా" అని నవ్వాడు. నిజమే, 2022 ఏప్రిల్ 4 నుంచి అంతే. ఇకమీద మూలం రాయని సమాచారాన్ని అసలు తీసుకోకూడదని నియమం పెట్టుకుంటే పోదా?

ఒంగోలు గిత్త: నాలుగు చోట్లని ఎందుకనుకుంటున్నావ్ తమ్ముడూ? ఒకటి రాసింది, మూడు ఎత్తుకుపోయి ఉంటాయి. డీబీపీడియా అనే డేటా భండారం తోడుకునేదే వికీపీడియా పేజీల్లోంచి. వికీపీడియాకు తోడుగా ఉండే డేటా భండారం వికీడేటాలో చాలాచోట్ల మూలం గడిలో "ఫలానా వికీపీడియా నుంచి దిగుమతి" అని మాత్రమే ఉంటుంది. సంతలో దళారి, వాడి బావమరిది, టీ కొట్టాయన ముగ్గురూ "అసలు సిసలు ఒంగోలు గిత్త" అంటే ముగ్గురు సాక్షులైపోతారా? తల్లి ఎవరింటి ఆవు, ఏ ఆంబోతుకు పుట్టింది అని అడగమూ? వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2013లోనే ప్రావ్ అని ఒక పద్ధతి ఇచ్చింది. ఈ డేటా దేన్నుంచి పుట్టింది, ఎవరు చేశారు, ఏ పని వల్ల వచ్చింది అని యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టుకోవడం. వంశావళే అది. నీ నియమం మంచిదే.

గూడూరు నిమ్మ: ఏం మంచిది? శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందనడానికి 2011 జనగణన చూపించొచ్చు. అంతకంటే గట్టి మూలం ఏం కావాలి? మూలం నిజం, కాలం చెల్లింది. నీ నియమం ఆ తప్పును దర్జాగా లోపలికి రానిస్తుంది. మా ఊరి చెరువు పేరు ఎవరో వచ్చి సరిగ్గానే రాసిపోయారు, మూలం లేదు. దాన్ని మాత్రం గెంటేస్తుంది.

ఒంగోలు గిత్త: సరే, ఒప్పుకుంటున్నా. తేదీ చూడకుండా మూలం చూసి లాభం లేదు. వికీడేటాలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని రాసే వీలుంది, రాసేవాళ్లే తక్కువ. కానీ నా అసలు భయం లింకుల గురించి. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే పశువులు మన ఒంగోలు జాతి సంతతే, పేరు మన నెల్లూరుది. ఆ రెండూ ఒకటేనని ఎవరో సేమ్‌యాజ్ లింకు పెట్టారనుకో, అక్కడి కోట్ల పశువులు ఇక్కడి లెక్కలోకి వచ్చి పడతాయి. ఒంగోలు ఆవులు తగ్గిపోతున్నాయా అని అడిగితే "అబ్బే, బోలెడున్నాయి" అంటుంది యంత్రం. అటు లెక్కకూ మూలం ఉంది, ఇటు లెక్కకూ ఉంది. తప్పంతా మధ్యలో వేసిన ముడిలో. ఆ ముడి ఎవరు వేశారని ఎవడడుగుతాడు?

గూడూరు నిమ్మ: ఇది మాత్రం నాకు తట్టలేదన్నా. అయినా పిలకాయల క్విజ్‌కు ఇంత తవ్వాలా? జిల్లా పేరు తప్పితే పరువు పోతుంది. చెరువు పేరు తప్పితే మా ఊరోళ్లే వచ్చి దిద్దుతారు.

కావలి కుర్రోడు: జిల్లాల గడి గెజిట్ పక్కన పెట్టుకుని చేత్తోనే నింపుతున్నా, తేదీతో సహా. సేమ్‌యాజ్ లింకులన్నీ ప్రస్తుతానికి తీసేశా. చెరువులు ఉంచాను, "యాడ నుంచి తెచ్చింది" అని పక్కన ఒక గడి పెట్టి. నిమ్మన్నా, మీ వైపు ఒకే పేరుతో రెండు చెరువులు కనిపిస్తున్నాయి. మీ ఊరిది ఏదో చెప్పు.